మూడో బోర్డు వద్దు, ఇంకో రెండు తీగలు చాలు

ప్రశ్న: మాది తణుకు. ఇరవై ఏళ్ల కిందట ఇల్లు కట్టేటప్పుడే హాల్లో రెండు మూలలా స్పీకర్లు పెట్టుకోవడానికి గోడలో పైపు వేయించి తీగలు లాగించాం. పాత ఆంప్లిఫయర్ మూలపడడంతో 3116 ఐసీ (చిప్పు) ఉన్న డి క్లాస్ ఆంప్లిఫయర్ బోర్డు తెప్పించాను. మా వీధి మెకానిక్ దాన్ని పాత 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌కే కలిపాడు. ఒక పాట పూర్తి కాకముందే పొగ వచ్చింది. రెండో బోర్డుకు 24 వోల్టుల, 5 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటును డీసీగా మార్చి ఇచ్చే జాలీ డబ్బా) పెట్టాం. ఇప్పుడు మా నాన్నగారు ఘంటసాల పాటలు గంటల తరబడి పెట్టుకున్నా ఏమీ కాదు. మా అబ్బాయి కొత్త పాట పెట్టి సౌండు కాస్త పెంచగానే టక్కున ఆగిపోతుంది, ఒకటి రెండు సెకన్లకు మళ్లీ వస్తుంది, మళ్లీ ఆగుతుంది. సెట్ టాప్ బాక్సు తగిలిస్తే గుయ్యిమని ఒకటే హమ్మింగ్. పైగా ఎస్‌ఎంపీఎస్ డబ్బాను ముట్టుకుంటే వేళ్లు జివ్వుమంటున్నాయి. నాన్నగారి రేడియోలో కూడా గరగర వస్తోంది. స్పీకర్లు 8 ఓములవి. బోర్డు నాసిరకం, ఇంకొకటి కొనండి అంటున్నాడు మెకానిక్. కొనమంటారా?

సమాధానం: కొనకండి. మూడో బోర్డు తెచ్చినా అదీ ఇలాగే చేస్తుంది. మీరు రాయని సంగతులు రెండు నేను చెబుతాను, సరిచూసుకోండి. గోడలోంచి బోర్డు దగ్గరికి వస్తున్న స్పీకర్ తీగలు మూడే. ఎస్‌ఎంపీఎస్ నుంచి ప్లగ్గుకు వెళ్లే తీగలు రెండే. మీ కష్టాలకు కారణాలు చాలావరకు ఈ రెండు చోట్లే ఉన్నాయి.

తీగలు మూడేనని ఎలా చెప్పానంటారా? మీ నాన్నగారి ఘంటసాలే చెప్పారు. ఆ కాలపు సినిమా పాటలు చాలావరకు మోనో రికార్డింగులు. ఎడమ స్పీకర్లో ఏం వస్తుందో కుడి స్పీకర్లోనూ అదే వస్తుంది. కొత్త పాటలు స్టీరియో, రెండు పక్కలా వేరు వేరు వాద్యాలు, వేరు వేరు మోతలు. ఒకే బోర్డు, ఒకే స్పీకర్లు, ఒకే కరెంటు. మోనోకు కిక్కురుమనని బోర్డు స్టీరియోకు అలుగుతోందంటే, ఎడమా కుడీ ఎక్కడో ఒకదాన్నొకటి తాకుతున్నాయన్నమాట.

పాత ఆంప్లిఫయర్లలో అలా తాకినా తప్పు లేదు. మన దగ్గర వీధివీధినా అసెంబుల్ చేసిన, 4440 ఐసీ ఉన్న పాతరకం ఆంప్లిఫయర్ బోర్డునే తీసుకోండి. దాన్ని స్టీరియోగా వాడినప్పుడు ఒక్కో స్పీకర్‌కు ప్లస్ మాత్రమే ఐసీ నుంచి వస్తుంది. మైనస్ అంటే గ్రౌండే. రెండు స్పీకర్ల మైనస్‌లూ ఎటూ ఒకే చోటికి చేరతాయి కాబట్టి ఇల్లు కట్టేటప్పుడు ఎలక్ట్రీషియన్ ఒక తీగ మిగిల్చేవాడు. ఎడమకు ఒకటి, కుడికి ఒకటి, ఇద్దరికీ కలిపి ఒకటి. అప్పట్లో అది పొదుపు. మీ మెకానిక్ చెయ్యి కూడా ఆ బోర్డుల మీదే తిరిగి ఉంటుంది, అతణ్ణి తప్పు పట్టలేం.

3116 అలాంటిది కాదు. ఇందులో స్పీకర్‌కు వెళ్లే రెండు తీగలూ సజీవమే. ఒక్కో చానెల్‌కు ఐసీ లోపల రెండు అర్ధభాగాలు ఉంటాయి. ఒకటి స్పీకర్‌ను ఇటు నెడుతుంటే రెండోది అటు లాగుతుంది. 24 వోల్టుల మీద నడిచేటప్పుడు, పాట లేకపోయినా, గ్రౌండ్ నుంచి కొలిస్తే స్పీకర్ ప్లస్ మీద 12 వోల్టులు, మైనస్ మీద కూడా 12 వోల్టులు ఉంటాయి. రెండూ సమానం కాబట్టి స్పీకర్ గుండా ఏమీ పారదు. బోర్డు మీద మైనస్ అని అచ్చు వేశారు గానీ, అది గ్రౌండ్ కాదు. స్పీకర్ కోను రెండు పక్కలా ఒకే దిశలో కదలాలని పెట్టిన గుర్తు, అంతే.

ఇప్పుడు మీ గోడలో జరుగుతున్నది చూడండి. ఎడమ మైనస్, కుడి మైనస్ ఒకే తీగకు ముడిపడ్డాయి. పాట మోనో అయితే ఆ రెండు మైనస్‌లూ ఒకే తాళానికి ఊగుతాయి, వాటి మధ్య తేడా దాదాపు సున్న, కరెంటు పారదు. స్టీరియో పాటలో ఎడమ మైనస్ పైకి పోతుంటే కుడి మైనస్ కిందికి రావచ్చు. రెంటి మధ్య ఉన్నది జానెడు రాగి. 8 ఓముల స్పీకర్‌ను నడపవలసిన ఐసీ ఆ రాగి ముడిని నడపబోయి షార్ట్ సర్క్యూట్ అనుకుని నోరు మూసుకుంటుంది. చాలా బోర్డుల్లో ఒకటి రెండు సెకన్లు ఆగి తనంతట తానే మళ్లీ ప్రయత్నించే ఏర్పాటు ఉంటుంది. మీరు వింటున్న ఆగడం, రావడం అదే. ఐసీ తన ప్రాణం తాను కాపాడుకుంటోంది. దాన్ని నాసిరకం అనడం అన్యాయం.

ఈ మాట నమ్మే ముందు పైసా ఖర్చు లేని పరీక్ష ఒకటి చేయండి. మీ అబ్బాయి ఫోనులో సెట్టింగుల్లోకి వెళ్లి యాక్సెసిబిలిటీ అన్న చోట మోనో ఆడియో అనే మీట వెతకండి. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోనులోనూ ఉంటుంది. దాన్ని ఆన్ చేసి, ఏ పాటకు ఆగిపోయిందో అదే పాటను, అదే సౌండులో పెట్టండి. ఆగకుండా సాగిందా, దొంగ దొరికినట్టే. రుజువు ఇంకా కావాలంటే కరెంటు తీసేసి, బోర్డు నుంచి స్పీకర్ తీగలన్నీ విప్పి, మల్టీమీటర్‌ను ఓముల మీద పెట్టండి. ఎడమ జత మధ్య, కుడి జత మధ్య ఆరు నుంచి ఏడు ఓముల దాకా చూపాలి. 8 ఓముల స్పీకర్ మీటరుకు ఎప్పుడూ కాస్త తక్కువే చూపిస్తుంది, కంగారు పడకండి. ఎడమ తీగకూ కుడి తీగకూ మధ్య మాత్రం ఏమీ చూపకూడదు. అక్కడ కూడా ఓములు కనిపిస్తే రెండు స్పీకర్లూ లోపల ఎక్కడో కలిశాయి.

ఈ తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత ధీమాగా చెబుతున్నాను. మొదటిసారి ఇలాంటి బోర్డు చేతికి వచ్చినప్పుడు, స్పీకర్ మీద తరంగం చూద్దామని ఆసిలోస్కోప్ (తరంగాన్ని తెర మీద గీసి చూపే పరికరం) క్లిప్పును అలవాటుగా మైనస్‌కు తగిలించాను. పాట కంప్యూటర్ నుంచి వస్తోంది. స్కోప్ క్లిప్పు ఎర్త్, కంప్యూటర్ గ్రౌండూ ఎర్తే. అంటే మైనస్‌ను నేనే గ్రౌండ్‌కు తొక్కిపెట్టాను. క్లిప్పు తగిలిస్తే ఆగుతుంది, తీస్తే పాడుతుంది. బోర్డు మీద సోల్డరింగు చెడిపోయిందేమోనని పూటంతా భూతద్దంతో వెతికాను.

ఇక మరమ్మతు. నాలుగో తీగ లాగించడం ఒక్కటే దారి. గోడలోని పాత తీగ కొసకు కొత్తవి కట్టి అవతలి మూల నుంచి లాగితే, పైపు నలగకపోతే, వచ్చేస్తాయి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ చాలు. పది మీటర్ల దూరానికి రానూపోనూ కలిపి దాని నిరోధం పావు ఓముకు అటూ ఇటూగా ఉంటుంది, 8 ఓముల స్పీకర్ ముందు అది లెక్కలోకి రాదు. ఆక్సిజన్ లేని రాగి అంటూ మీటరుకు వందలు గుంజే తీగలు మీకు అక్కర్లేదు. అయితే ఇంటి కరెంటు తీగలు ఉన్న పైపులోనే వీటినీ దూర్చకండి. పైపు మూసుకుపోయి ఉంటే గోడ అంచున కేసింగ్ పట్టీ వేయించుకోండి, కంటికి బాగుండదు గానీ చెవికి బాగుంటుంది. అంతవరకూ ఫోనులో మోనో మీట ఆన్‌లోనే ఉంచి కొత్త పాటలు వినండి.

స్పీకర్ డబ్బాలకు హెడ్‌ఫోన్ సాకెట్టు, వెలిగే మీటరు బోర్డు లాంటివి మెకానిక్ ఏమైనా తగిలించి ఉంటే వాటినీ తీసేయండి. వాటిలో చాలావాటికి ఎడమా కుడీ మైనస్ ఒక్కటే. గోడ బాగుచేశాక కూడా అదే ముడి మళ్లీ అక్కడ పడుతుంది.

మొదటి బోర్డు సంగతి వేరు. అది తనను తాను కాపాడుకోలేకపోయింది. 12-0-12 అంటే రెండు చివరల మధ్య 24 వోల్టుల ఏసీ. మెకానిక్ ఆ రెండు చివరలనూ బ్రిడ్జికి, అంటే ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్‌ల కట్టకు, ఇచ్చి ఉంటాడు. ఏసీ 24 బ్రిడ్జి దాటి కెపాసిటర్ మీద నిలబడేసరికి 1.414 రెట్లు అవుతుంది, అంటే 34. బ్రిడ్జిలో ఒకటిన్నర పోయినా ముప్పై రెండున్నర. రాత్రి పూట లైను వోల్టేజీ 230 దాటినా, ట్రాన్స్‌ఫార్మర్ మీద బరువు లేకపోయినా ఇంకా పైకి పోతుంది. 3116 ఐసీ పనిచేయవలసిన పరిధి 4.5 నుంచి 26 వోల్టుల వరకు. 30 దాటితే చావే. మధ్య తీగను గ్రౌండ్‌గా పెట్టుకుని రెండు డయోడ్‌లతో సరిపెట్టి ఉంటే 16 వోల్టులు వచ్చేవి, బోర్డు ఇప్పటికీ పాడుతూ ఉండేది. 24 అని రాసి ఉంది కాబట్టి 24 ఇచ్చానని అతను అనుకుని ఉంటాడు. ఏసీకీ డీసీకీ మధ్య ఉన్న ఆ 1.414 ఎన్ని బోర్డుల ఉసురు పోసుకుందో!

ఇప్పుడు పెట్టిన ఎస్‌ఎంపీఎస్ ఎంపిక సరైనదే. రెండు చోట్ల మాత్రం చూడండి. జాలీ డబ్బా పక్కన 110, 220 అని చిన్న మీట ఉండవచ్చు. అది 220 మీదే ఉండాలి. స్క్రూల వరుస చివర వోల్టేజీ సర్దే చిన్న మర ఉంటుంది, దాని పక్కన ఒక లైటు. బోర్డు విప్పేసి, డీసీ వైపు మీటరు పెట్టి ఆ మరను తిప్పి 24 దగ్గర ఆపండి. కొత్తది కదా అని నమ్మవద్దు, ఎవరో తిప్పి వదిలేసి ఉండవచ్చు.

ఈ బోర్డు మీద ఎంత వాట్లు వస్తాయన్నది డబ్బా మీది అంకె చెప్పదు, వోల్టేజీ, ఓములు చెబుతాయి. వోల్టేజీని అదే వోల్టేజీతో హెచ్చించి, స్పీకర్ ఓములకు రెట్టింపుతో భాగించండి. మీకు 24 ఇంటూ 24 అంటే 576, భాగింపు 16, వచ్చేది 36. ఒక్కో స్పీకర్‌కు గరిష్ఠం అది, శుభ్రంగా వినిపించేది ముప్పై అనుకోండి. ఇదే స్పీకర్‌ను పాత ల్యాప్‌టాప్ చార్జరు 19 వోల్టుల మీద నడిపితే ఇరవై రెండున్నర. 12 వోల్టుల అడాప్టర్ మీద 9. ఐసీ తయారు చేసిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్లు చెప్పే 50 వాట్లు 4 ఓముల స్పీకర్‌కు, 21 వోల్టుల మీద, పది శాతం వక్రీకరణతో కలిపి. ఆ పది శాతం దగ్గర గాయకుడి గొంతు జలుబు చేసినట్టు ఉంటుంది. హాలుకు ముప్పై వాట్లు ఎక్కువే, దిగులు పడకండి.

నాలుగో తీగ పడ్డాక కూడా ఎప్పుడైనా ఆగితే, ఆగే తీరును గమనించండి. దెబ్బ పడినప్పుడు, అంటే డప్పు మోగిన క్షణాన టక్కున ఆగి సెకనులో వస్తే షార్టు. ఏదో తీగ పోగు పక్క స్క్రూను తాకుతోంది. ఎస్‌ఎంపీఎస్ మీది లైటు కూడా ఆ సమయంలో మినుకు మినుకుమంటే, చాలక చేతులెత్తేస్తున్నది బోర్డు కాదు, ఎస్‌ఎంపీఎస్. మీకు 120 వాట్ల సరఫరా ఉంది కాబట్టి ఈ అవకాశం తక్కువ. అరగంట పాడి, పాటతో సంబంధం లేకుండా ఆగి, వెంటనే రాకపోతే వేడి. ఈ రకం ఐసీ తొంభై శాతానికి పైగా కరెంటును స్పీకర్‌కే పంపుతుంది కాబట్టి పాత ఆంప్లిఫయర్లలా కాలిపోకూడదు. హీట్ సింకు (ఐసీ వేడిని లాగేసే లోహపు దిమ్మ) మీద వేలు ఐదు లెక్కపెట్టేదాకా నిలవాలి. నిలవకపోతే సింకు విప్పి చూడండి. 3116 ఐసీకి వేడి వదిలే రేకు పై వైపు ఉంటుంది. దానికీ సింకుకీ మధ్య తెల్లని పేస్టు పలచగా లేకపోయినా, సింకు వంకరగా బిగించినా, అది గాలిలో ఉన్నట్టే.

ఇక హమ్మింగ్, డబ్బా జివ్వుమనడం. ఇవి రెండు కష్టాలు కావు, ఒకటే. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటు లైన్ల నుంచి డబ్బాకు, డబ్బా నుంచి డీసీ వైపుకు చిన్న చిన్న కెపాసిటర్లు వేస్తారు. అవి కరెంటులోని రొద అనే చెత్తను ఎర్త్‌లోకి పంపడానికి. మీ మెకానిక్ రెండు తీగల కార్డు వేశాడు, ఎర్త్ స్క్రూ ఖాళీగా ఉండిపోయింది. పోవడానికి దారి లేక డబ్బా మీద సుమారు సగం మెయిన్స్ వోల్టేజీ తేలుతోంది. వేళ్లకు తగిలేది అదే. సెట్ టాప్ బాక్సు తగిలించగానే దానికి కొత్త దారి దొరికింది. బోర్డు గ్రౌండ్ నుంచి ఆడియో తీగ పైతొడుగు గుండా బాక్సులోకి, అక్కడి నుంచి కేబుల్ వాళ్ల తీగ గుండా ఎక్కడో భూమిలోకి. మీ పాట నడిచే దారిలోనే ఆ చెత్తా నడుస్తోంది, అదే గుయ్యిమంటోంది.

మూడు తీగల కార్డు వేయించండి, ఆకుపచ్చ తీగను ఎర్త్ గుర్తున్న స్క్రూకు బిగించమనండి. సాకెట్లో పై రంధ్రం ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు. ఇరవై ఏళ్ల ఇల్లు అంటున్నారు, ఆ రంధ్రం వెనక తీగే లేకపోవచ్చు, తీగ ఉన్నా బొగ్గూ ఉప్పూ వేసిన గొయ్యి ఎండిపోయి ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలిపించండి. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య వచ్చే వోల్టేజీకి దగ్గరగా ఉండాలి, న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. హమ్మింగ్ కోసం కాకపోయినా ఇంట్లో పెద్దాయన ఉన్నారు కాబట్టి ఈ పని ముందు చేయించండి. ఎవరైనా హమ్మింగ్ పోవాలంటే ఎర్త్ పిన్ను పీకేయండి అని సలహా ఇస్తే వినకండి. అది వంటింట్లో పొగ వస్తోందని చూరు పీకేయడం లాంటిది.

ఎర్త్ కుదిరాక కూడా సన్నగా హమ్మింగ్ మిగిలితే, సెట్ టాప్ బాక్సు వెనక నుంచి కేబుల్ వాళ్ల తీగను మాత్రం విప్పి చూడండి. శబ్దం పోతే దోషం ఆ తీగ మోసుకొస్తున్న ఎర్త్‌ది. టీవీకి ఆప్టికల్ అవుట్‌పుట్ ఉంటే, దాన్ని అనలాగ్‌గా మార్చే చిన్న డబ్బా ఒకటి కొని అక్కడి నుంచి ఆంప్లిఫయర్‌కు ఇవ్వండి. అందులో వెళ్లేది వెలుతురు, ఎర్త్ దానిలో ప్రయాణించలేదు. అది లేకపోతే కారు స్టీరియోల దుకాణంలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని దొరుకుతుంది. రెండు బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు, ఆడియో తీగ మధ్యలో పెట్టడమే. చవకరకమైతే బేస్ కాస్త పలచబడుతుంది.

మిగిలింది రేడియో. డి క్లాస్ అంటే డిజిటల్ కాదు, సి తరువాత వచ్చిన అక్షరం, అంతే. ఈ ఐసీ స్పీకర్‌కు వెళ్లే కరెంటును సెకనుకు నాలుగు లక్షల సార్లకు తక్కువ కాకుండా కొట్టి వదులుతుంది, ఆ దెబ్బల వెడల్పును పాటకు తగ్గట్టు మారుస్తుంది. బోర్డు మీది కాయిళ్లూ కెపాసిటర్లూ ఆ దెబ్బలను వడకట్టి పాటను మిగులుస్తాయి. వడపోతలో తప్పించుకున్నది కొంత స్పీకర్ తీగలనే ఏరియల్‌గా చేసుకుని గాలిలోకి పోతుంది. 400 కిలోహెర్ట్జ్‌కు రెట్టింపు 800. మీ నాన్నగారు వినేది మీడియం వేవ్ మీద విజయవాడ కేంద్రమైతే అది 837. గరగర ఎందుకు రాదు? ఐసీలో ఈ వేగాన్ని మార్చే వీలు ఉంది గానీ బోర్డు మీద దాన్ని గట్టిగా సోల్డరు చేసేస్తారు, మీరు దాని జోలికి పోవద్దు. స్పీకర్ జత తీగలను జడలా మెలివేయించండి, నాలుగో తీగ లాగేటప్పుడే ఆ పనీ అయిపోతుంది. బోర్డును ఇనుప డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఎస్‌ఎంపీఎస్ ఎర్త్ స్క్రూకు కలపండి. రేడియోను హాల్లోంచి తీసి వరండాలో నాన్నగారి కుర్చీ పక్కన పెట్టండి, బ్యాటరీల మీద.